పందులు పోయాయి సరే, ఆమె ఎక్కడికి పోవాలి?

జిల్లా పేజీ తిరగేసినప్పుడల్లా ఏదో ఒక మూల ఆ వార్త కనిపిస్తూనే ఉంటుంది. 'పట్టణంలో పందుల బెడద', 'వరాహాల స్వైరవిహారం', 'ఎట్టకేలకు పందుల పట్టివేత'. పక్కన ఒక ఫోటో ఉంటుంది. మురుగుకాలవలో పొర్లుతున్న పంది, ముక్కు మూసుకుని బడికి పోతున్న పిల్లలు. మనం 'అయ్యో' అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ పందులు ఎవరివి, పట్టుకున్నాక ఏమయ్యాయి, అవి లేకపోతే ఎవరింట్లో పొయ్యి వెలగదు అన్నది ఆ వార్తలో ఉండదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. అడగాల్సి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఒక అర్జీ సంగతి చెప్పుకోవాలి.

నేను రాసిన అర్జీ

మావారి ఉద్యోగరీత్యా కోయిలకుంట్లకు రాకముందు మేం ఇంకో ఊళ్లో ఉండేవాళ్లం. పేరెందుకులెండి, మన సీమలో అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. మా వీధి వెనక మూతలేని మురుగుకాలవ. ఆ కాలవలో పందులు. తెల్లారి ముగ్గేసి లోపలికి వచ్చేలోపు గేటు తోసుకుని వచ్చి చెత్తబుట్ట బోర్లించేవి. ఒకరోజు పక్కింటి పిల్ల సైకిల్ మీద వస్తుంటే పంది అడ్డమొచ్చి, పడి మోచెయ్యి విరిగింది. ఆ సాయంత్రం ఆడవాళ్లమంతా మా అరుగు మీద కూర్చున్నాం. "నువ్వు డిగ్రీ చదివావు, కథలు కూడా రాస్తావు. అర్జీ నువ్వే రాయి" అన్నారు.

రాశాను. నిజం చెప్పొద్దూ, నా కథల్లో దేనికీ అంత పదునైన భాష కుదర్లేదు. 'ప్రజారోగ్యం', 'పసిప్రాణాలు', 'తక్షణ చర్య' అన్నీ పడ్డాయి. మొదటి సంతకం కూడా నాదే. ముప్పైనాలుగు సంతకాలయ్యాయి.

రెండు నెలలకు, ఇంకా చీకటుండగానే, వలలు పట్టుకుని ఎవరో పొరుగు ప్రాంతపు మనుషులు వ్యాన్లో దిగారు. ఎనిమిది గంటలకల్లా వీధి ఖాళీ. పందుల అరుపులకు పిల్లలు చెవులు మూసుకున్నారు గానీ, పెద్దవాళ్లం మాత్రం గెలిచినట్టే సంబరపడ్డాం.

ఆ మధ్యాహ్నం మాకు చేటలూ బుట్టలూ తెచ్చే అవ్వ వచ్చింది. ఎరుకల అవ్వ. ఆ రోజు నెత్తిన బుట్టలు లేవు. అరుగు కింద చతికిలబడి, "మావి పదకొండు పోయినాయమ్మా. అందులో ఒకటి సూడిది" అంది. మనవరాలు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోందట. రెండు పందులు ఆ పిల్ల ఫీజుకని పెట్టుకున్నవట. "ఎవురో రాసిచ్చినారంట తల్లీ" అంది.

నేనే రాశానని చెప్పలేకపోయాను. మంచినీళ్లిచ్చాను. ఆవిడ కోసం విడిగా పెట్టిన సత్తు గ్లాసులోనే ఇచ్చాను. అన్నేళ్లలో ఆ గ్లాసు విడిగా ఎందుకుంటోందని నన్ను నేను ఒక్కసారైనా అడుక్కోలేదు. ఆ తర్వాత అవ్వ మా వీధికి మళ్లీ రాలేదు. మనవరాలి చదువు ఏమైందో నాకు తెలియదు.

ఫిర్యాదు అబద్ధమేం కాదు

ఇలా రాశానని, పందులు వీధుల్లో తిరిగితే తప్పేముందని నేను అంటున్నాననుకోకండి. తప్పే. ఆ పిల్ల మోచెయ్యి విరిగింది నిజం. అంతకంటే పెద్ద భయాలూ ఉన్నాయి.

1999లో మన రాష్ట్రంలో మెదడువాపు వ్యాధి ఎంతమంది తల్లుల కడుపుకోత పెట్టిందో మా తరానికి ఇంకా గుర్తే. ఆ క్రిమి కొంగల్లాంటి నీటిపక్షుల్లో ఉంటుంది. దోమ దాన్ని పందికి చేరుస్తుంది. పంది పైకి మామూలుగానే తిరుగుతుంటుంది గానీ, దాని రక్తంలో క్రిమి బాగా పెరుగుతుంది. అక్కణ్ణుంచి దోమ ద్వారానే మన పిల్లలకు వస్తుంది. ఆ రకం దోమలు ఎక్కువగా పెరిగేది వరిమళ్లలో నిలిచిన నీళ్లలో. కాబట్టి ఇళ్ల మధ్య పందులు ఉండకూడదన్న మాట సరైనదే. కానీ పంది ఒక్కటే నేరస్థురాలు కాదు. నిలవ నీరు, దోమతెర లేని మంచం, వేయించని టీకా కూడా ఈ నేరంలో భాగస్థులే. 2006 నుంచి మన దేశంలో వ్యాధి తరచుగా కనిపించే జిల్లాల్లో పిల్లలకు ఈ టీకా వేస్తున్నారు.

రెండోది బద్దెపురుగు. దీని సంగతి తెలిస్తే మన లెక్కలు కొన్ని తారుమారవుతాయి. సరిగ్గా ఉడకని పందిమాంసం తింటే కడుపులో పురుగు పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ ఆ పురుగు గుడ్లు మనిషి మలంతో బయటికొచ్చి, మట్టిలో, నీళ్లలో, కడగని ఆకుకూరల్లో చేరి ఇంకొకరి నోట్లోకి పోతే అవి మెదడుకు చేరి తిత్తులు కడతాయి. మూర్ఛలకు అదొక ముఖ్య కారణం. మాంసం ముట్టని ఇంట్లోనూ రావచ్చు. పందికి కూడా ఆ జబ్బు మనిషి మలం నుంచే అంటుకుంటుంది. అంటే పంది మనకు జబ్బు తెచ్చిందనడానికి ముందు, మనం ఆరుబయట కూర్చుని పందికి జబ్బు ఇచ్చామన్నమాట. మరుగుదొడ్డి కట్టి, వాడి, పందిని దొడ్లో కట్టేస్తే ఆ గొలుసు తెగిపోతుంది. పందిని మాత్రం తరిమేసి కాలవను అలాగే ఉంచితే తెగదు.

మా అర్జీలో కాలవకు మూత వేయమని ఒక్క ముక్క లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకే ఏడాది, రెండు చట్టాలు

అసలు పందులు ఊళ్లోకి ఎందుకొచ్చాయి? ఎరుకలవాళ్లు వీధుల మీద ఎందుకు వదులుతున్నారు? దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఎరుకలవాళ్లకు ఒకప్పుడు పందులే జీవనం కాదు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి మన మెట్ట ఊళ్లకు తెచ్చి, బదులుగా ధాన్యం తీసుకెళ్లేవాళ్లు. వెదురుతో, ఈతాకుతో బుట్టలు, చాపలు అల్లేవాళ్లు. ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైలొచ్చి ఉప్పు వ్యాపారం ఎత్తుకుపోయింది. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టంతో వెదురుకీ మేతకీ అడవి మూతపడింది. ఎద్దులు పోయాయి, గాడిదలు పోయాయి. పెద్ద బీడు లేకపోయినా బతికేదీ, ఊరు పారేసింది తిని పెరిగేదీ పంది ఒక్కటే. ఆ పందే మిగిలింది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటుంది. బందెలదొడ్లకు ఆధారమైన పశువుల అతిక్రమణ చట్టం 1871లో వచ్చింది. అందులో పశువులంటే ఏవేవో జాబితా ఇస్తూ పందినీ చేర్చారు. అది చాలదన్నట్టు, పందుల యజమాని నిర్లక్ష్యం వల్ల పంటకో బాటకో నష్టం జరిగితే పది రూపాయలకు మించని జరిమానా అని పందుల కోసం విడిగా ఒక సెక్షన్ రాశారు. సరిగ్గా అదే 1871లో 'నేరస్థ జాతుల' చట్టమూ వచ్చింది. మొదట ఉత్తరాదికి పరిమితమైనా, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. దాంతో ఎరుకలవాళ్లు పుట్టుకతోనే దొంగలైపోయారు. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే అనుమతి. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు ఇలా పుట్టిందే. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో రద్దయింది. ఒకే ఏడాది పంది మీదా చట్టమే, పందిని పెంచే మనిషి మీదా చట్టమే.

చట్టం పోయినా చూపు పోలేదు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఎరుకల జనాభా ఐదు లక్షల పైచిలుకు. షెడ్యూల్డు తెగల్లో ఉన్నారు. అయినా అద్దె ఇల్లు అడిగితే 'మీరేమిట్లు?' అన్న ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. జవాబు చెప్పాక ఇల్లు దొరకదు.

మనకిదో విచిత్రం కూడా. తిరుమల వెళితే వెంకన్న కంటే ముందు వరాహస్వామిని దర్శించుకోవాలంటాం. మన అహోబిలంలో తొమ్మిది మంది నరసింహుల్లో వరాహ నరసింహుడు ఒకడు. విజయనగరం బంగారు నాణెం పేరు వరహా. కానీ పిల్లాడిని తిట్టాలంటే నోటికి ముందొచ్చే మాట పంది!

మేత ఏమైంది?

కోయిలకుంట్లకు వచ్చాక మా మరిది కూతురి పెళ్లి కుదిరింది. కొత్త చేటలు, గంపలు కావాల్సొచ్చాయి. బజార్లో అన్నీ ప్లాస్టిక్‌వే. ఎవరో చెబితే ఊరి బయట కుందూ వైపు బాటలో ఉన్న ఒక ఎరుకల కుటుంబం దగ్గరికి వెళ్లాను. వెళ్లింది చేటల కోసం. అక్కడ చూసింది పందులు. ఒక్కటి కూడా బాట మీద లేదు!

ఎకరాలోపు డీకేటీ పట్టా భూమి. చుట్టూ ముళ్లకంప. ఆరు ఆడ పందులు, ఒక మగది, పిల్లలు. ఇంటి పెద్దావిడకు అరవై ఉంటాయి. కొడుకు, కోడలు. కోడలు పదో తరగతి తర్వాత రెండేళ్లు పశుసంవర్ధక డిప్లొమా చదివిన పిల్ల. "రాక్కా, కూసో" అని మంచం వాల్చింది. చేటల బేరం ఐదు నిమిషాల్లో అయిపోయింది. మిగతా రెండు గంటలూ పందుల గురించే మాట్లాడుకున్నాం.

పెద్దావిడ చిన్నప్పుడు పందుల్ని చేలల్లోనే మేపేవాళ్లట. మన నల్లరేగడి సంగతి ఇక్కడివాళ్లకు తెలిసిందే. జొన్నైనా శనగైనా వేసేది వానలన్నీ పడ్డాక, మట్టిలో పదును చూసుకుని. అంటే తొలకరి నుంచి సెప్టెంబరు దాకా చాలా చేలు ఖాళీ. ఆ ఖాళీ చేలల్లో తుంగ లేస్తుంది. రైతుకు తుంగను మించిన శత్రువు లేదు. పైన కోస్తే కింద గడ్డ నుంచి మళ్లీ మొలుస్తుంది. పందికి ఆ గడ్డ అంటే ప్రాణం. ముట్టెతో తవ్వి, ఏరి ఏరి తింటుంది. "రైతులే పిల్సేటోళ్లు. మా చేన్లో తుంగ ఉంది, రెండు దినాలు ఇడువండి అని. ఇడిసినందుకు జొన్నలు పెట్టేటోళ్లు" అంది. శనక్కాయ పీకిన చేలల్లో మట్టిలో మిగిలిపోయిన కాయలు కూడా పందులకే. అటు చేను శుభ్రం, ఇటు పందికి మేత. పంది పెంట చేనుకు ఎరువు.

ఇప్పుడది లేదు. జేజీ 11 లాంటి శనగ రకాలు 1999 తర్వాత వచ్చాక మన నల్లరేగడి జొన్న నుంచి శనగకు మళ్లింది. రైతుకు నాలుగు డబ్బులు కనిపించాయి, మంచిదే. కానీ జొన్నతో పాటు చొప్ప పోయింది. చొప్ప పోతే గేదెకీ ఎద్దుకీ మేత కరువు. తుంగకు పంది బదులు కలుపుమందు వచ్చింది. బోరున్న చోట తొలకరికి కూడా ఏదో ఒక పైరు ఉంటోంది. వంకల గట్లు, చెరువు శిఖాలు, పోరంబోకు బీళ్లు ఎవరెవరి కంపల్లోకో వెళ్లిపోయాయి. చేను మూతపడ్డాక పంది ఎక్కడికి పోతుంది? మురుగుకాలవకీ, చెత్తకుప్పకీ వస్తుంది. పంది ఊరి మీద పడలేదండీ, మేత లేక మన మీద పడింది.

పల్లె ఉమ్మడి భూముల మీద సుప్రీంకోర్టు 2011 జనవరి 28న పెద్ద తీర్పే చెప్పింది. పంజాబులో ఒక పల్లె చెరువును ఆక్రమించిన కేసు అది. అలాంటి భూములన్నీ ఆక్రమణదారుల నుంచి విడిపించి గ్రామానికి తిరిగి అప్పజెప్పే పథకం తయారు చేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వాళ్లకు ప్రభుత్వం లీజుకిచ్చిన భూముల లాంటి వాటికి మాత్రం మినహాయింపు ఉండొచ్చంది. అంటే పందుల కుటుంబాలకు ఊరి బయట నాలుగు సెంట్లు ఇవ్వడం చట్టానికి విరుద్ధమైన కోరికేం కాదు.

కంపలో మూడు ముక్కలు

ఇక ఆ కోడలు చేస్తున్నది చెబుతాను, వినండి. ఉన్న భూమిని కంపతో మూడు ముక్కలు చేసింది. ఒక ముక్కలో పందులు తవ్వుకుంటుంటే రెండోదాంట్లో గెనుసుగడ్డ తీగ, అలసంద వేస్తుంది. మూడోది ఊరికే ఎండకు వదిలేస్తుంది. పందులు తవ్వి, ఎరువేసి పోయిన ముక్కలో పంట. పంట తీశాక మిగిలిన తీగ, గడ్డ పందులకు. "ఒకే తావులో ఉంచితే పురుగు ఆగదక్కా" అంది. పంది కడుపులోని ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్లతరబడి బతుకుతాయట. అందుకే నట్టల మందు తాగించడంతో పాటు స్థలం మార్చడం, నేలను ఖాళీగా ఎండనివ్వడం. మనం మంచం మార్చకుండా దుప్పటి ఉతికితే నల్లులు పోతాయా, అలాగే!

వానాకాలం నల్లరేగడి బంకలా అంటుకుంటుంది. ఆ నెలల్లో పందుల్ని గట్టు మీద కట్టిన బండపరుపు కొట్టంలో పెడతారు. ఎండాకాలం వాటికి నీడ, బురదగుంట తప్పనిసరి. పంది బురదలో పొర్లేది మురికి మీద ఇష్టంతో కాదు. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో ఒళ్లు చల్లబరుచుకోవడానికి దానికి తెలిసిన మార్గం అదే. మంచినీళ్ల గుంట తవ్విస్తే పంది మురుగుకాలవ వెతుక్కోదు.

ఇంకో సంగతి వింటే నవ్వొస్తుంది, ఆలోచనా వస్తుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ కాబట్టి బండపరుపు మీద పుట్టిన పంది పిల్లలకు రక్తహీనత వస్తుందట. మట్టిలో తిరిగే పిల్లలకు మట్టిలోంచే ఇనుము అందుతుంది. కొట్టంలో పుట్టిన వాటికి ఆ పిల్ల ఇనుము మందు వేస్తుంది. "నా కానుపప్పుడు నాకూ అదే తక్కువన్నారు" అని నవ్వింది. పందికి మందు వేసిన పిల్ల తన మాత్రలు మాత్రం సగం మింగలేదట!

పంది మూడు నెలల మూడు వారాల మూడు రోజులు మోస్తుంది. అంటే 114 రోజులు. మామూలుగా చూసుకుంటే ఏడాదికి రెండు ఈతలు. నాటు పందైతే ఒక ఈతకు ఐదారు పిల్లలు దక్కుతాయి. సీమ రకం, అంటే లార్జ్ వైట్ యార్క్‌షైర్ అయితే ఇంకా ఎక్కువ. తిరుపతిలోని వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ సీమ రకాన్ని మన నాటు పందితో కలిపి ఒక సంకర రకాన్ని తయారు చేసింది. మన ఎండకు తట్టుకోవాలి, తూకమూ రావాలి అన్నది ఉద్దేశం. వీళ్లు మాత్రం నాటువే ఉంచుకున్నారు. "సీమదానికి దాణా కొనాల. కొంటే మిగిలేది ఏముంది?" అంది పెద్దావిడ. ఇది మొండితనం కాదు, లెక్క. దాణా కొనగలిగిన వాడికి సీమ పంది లాభం. తుంగగడ్డ, తవుడు, గెనుసు తీగతో నెట్టుకొచ్చేవాళ్లకు నాటుదే మేలు.

ఆడవాళ్ల కోణం ఇక్కడే ఉంది. ఆ ఇంట్లో బుట్టల డబ్బు రోజు గడవడానికి. పందుల డబ్బు మాత్రం పెద్దావిడ కొంగున ఉంటుంది. ఆసుపత్రి ఖర్చొచ్చినా, పిల్ల ఫీజు కట్టాలన్నా ఒక పందిని అమ్ముతుంది. మనకు మెడలో గొలుసు ఎలాగో ఆమెకు పంది అలాగ. కుదువ పెట్టడానికి వీల్లేదు, అమ్ముకోవడమే. ఇంకో తేడా, మన గొలుసు వ్యాన్లో వేసుకుపోయేవాళ్లు లేరు. పోతే పోలీస్ స్టేషన్లో కేసు రాస్తారు.

పథకం ఉంది, మెట్టు ఎత్తు ఎక్కువ

"ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోందిగా?" అని మీకు సందేహం రావచ్చు. ఇస్తోంది. 2021లో కేంద్రం కొత్త రూపం ఇచ్చిన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో పందుల పెంపకానికి పెట్టుబడిలో సగం రాయితీ ఉంది. తర్వాతి మార్పులతో కలిపి చూస్తే, 50 ఆడ పందులు, 5 మగ పందులున్న యూనిట్‌కు 15 లక్షల దాకా, 100 ఆడ, 10 మగ పందుల యూనిట్‌కు 30 లక్షల దాకా ఇస్తారు. బాగానే ఉంది. కానీ 15 లక్షలు సగమైతే మిగతా సగం ఎవరు పెట్టాలి? సొంతమో లీజో భూమి చూపించాలి. బ్యాంకు అప్పో చేతి డబ్బో చూపించాలి. దరఖాస్తు కంప్యూటర్లో పెట్టాలి. ఆరు పందులున్న మనిషికి మొదటి మెట్టే యాభై పందుల ఎత్తున ఉంటే ఆమె ఎలా ఎక్కుతుంది? ఎక్కేది భూమీ, పూచీకత్తూ ఉన్నవాడు. రేపు పందుల వ్యాపారం లాభమని తేలితే ఆ లాభంలోంచి కూడా ఎరుకలామె బయటే ఉండిపోతుంది. తిట్లు మాత్రం ఆమెకే మిగులుతాయి.

పొదుపు సంఘం నుంచి అప్పు తీసుకోవచ్చు కదా? ఆ కోడలు అదీ ప్రయత్నించింది. సంఘం మీటింగులో 'దేనికి?' అని అడిగితే 'పందులకు' అంది. పదిమందీ నవ్వారట. మరుసటి సారి 'గొర్రెలకు' అని రాయించింది. అప్పు వచ్చింది! సంఘంలో కూర్చున్నది మనలాంటి ఆడవాళ్లమే మరి.

దేశంలో పందులు తగ్గిపోతున్నాయి కూడా. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద 90.6 లక్షల పందులున్నాయి. 2012తో పోలిస్తే ఇది 12 శాతం తక్కువ. ఆ పైన 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మొదటిసారి బయటపడింది. మనుషులకు రాదు గానీ పందికి వస్తే మందు లేదు. వ్యాధి తేలిన చోటి నుంచి కిలోమీటరు పరిధిలోని పందులన్నిటినీ చంపెయ్యాలి. దానికి పరిహారం ఉంది. కానీ ఏ రికార్డులోనూ లేని పందికి పరిహారం అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. పందులను దాచి పెంచే పరిస్థితి కల్పిస్తే జబ్బు వచ్చినా దాస్తారు. అప్పుడు నష్టం అందరిదీ.

న్యూ ఫారెస్ట్ పందులకు హక్కుంది

ఇంగ్లండు దక్షిణాన న్యూ ఫారెస్ట్ అని ఒక అడవి ఉంది. అక్కడ శరదృతువులో ఓక్ చెట్ల కాయలు రాలతాయి. పచ్చికాయలు తింటే పొట్టి గుర్రాలకూ పశువులకూ విషం. పందికి అవి ఇష్టం, అరిగించుకుంటుంది కూడా. అందుకని ఏటా కనీసం అరవై రోజులు ఆ చుట్టుపక్కల వాళ్లు తమ పందుల్ని అడవిలో వదులుతారు. ఇది వందల ఏళ్లుగా వస్తున్న హక్కు, దొంగచాటు వ్యవహారం కాదు. దానికి నియమాలున్నాయి. నేల మరీ తవ్వకుండా పంది ముక్కుకు రింగు వేయాలి, రుసుము కట్టాలి, తేదీ దాటితే తోలుకుపోవాలి. పంది అక్కడ పీడ కాదు, అడవికి సాయం చేసే జంతువు. మన రైతు తుంగ చేనుకు పందిని పిలిచి జొన్నలు పెట్టినప్పుడు జరిగింది కూడా ఇదే కదా? వాళ్లు ఆ పద్ధతిని కాగితం మీద పెట్టి కాపాడుకున్నారు. మనది నోటిమాట, అందుకే ఒక తరంలో పోయింది.

మన వంతు

మరి చేయాల్సిందేమిటి? నాకు తోచినవి చెబుతాను.

పందుల్ని ఊళ్లోంచి తీయాలంటే ముందు పెట్టే చోటు చూపాలి. ఊరి బయట పోరంబోకులో కంచె, నీటి తొట్టి, నీడ ఉన్న స్థలం ఆయా కుటుంబాల పేర లీజుకివ్వాలి. ఆ తర్వాత కూడా బాట మీద వదిలితే జరిమానా వేయాలి, తప్పు లేదు. చోటివ్వకుండా వల తేవడం మాత్రం న్యాయం కాదు.

గేదెకు, గొర్రెకు ఇచ్చినట్టే ఐదారు పందులకు కూడా అప్పు, బీమా, టీకా ఉండాలి. మామూలు స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది. అది ఆ కంపల దాకా చేరాలి. రాయితీ పథకంలో యాభై కింద కూడా ఒక మెట్టు పెట్టమని అడగాలి.

ఇక మన వంటింటి సంగతి. పందులకు హోటళ్ల, హాస్టళ్ల, ఇళ్ల ఎంగిలి అన్నమే ముఖ్యమైన తిండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఎక్కువగా ఎంగిలిలో కలిసిన మాంసం ముక్కల ద్వారానే కొత్త చోటికి చేరుతుంది. అరగంట బాగా మరిగించి పెట్టడం శ్రేయస్కరం. మనం చేయగలిగింది, మెతుకులు, కూరగాయ తొక్కలు ఒక బకెట్లో, మాంసం ముక్కలు, ప్లాస్టిక్ విడిగా వేయడం. ఎంగిలిలో పాల కవరు కలిపి పారేస్తే పంది దాన్నీ మింగుతుంది. ఆ పంది చస్తే ఆమె గొలుసు తెగినట్టే.

మొన్న మా వీధిలో మళ్లీ ఒక కాగితం వచ్చింది. కుక్కల గురించి, కాలవ గురించి, పందుల గురించి. "నువ్వు బాగా రాస్తావటగా!" అని ఇచ్చారు. ఈసారి రాసేముందు నలుగురమూ కూర్చున్నాం. కాలవకు మూత మొదటి కోరిక. పందుల వాళ్లకు ఊరి బయట చోటు రెండోది. చోటిచ్చాకే పందుల్ని తరలించాలన్నది మూడోది. ఇద్దరు సంతకం పెట్టనన్నారు. "వాళ్లకు స్థలం అడగడం మన పనా?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర ఒకటే జవాబు ఉంది. "వాళ్లను పంపించెయ్యమని అడగడం మన పని అయినప్పుడు, ఇదీ మన పనే."

పెళ్లికి కొన్న చేటల్లో ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ కోడలు బియ్యం చెరిగి చూపించి మరీ ఇచ్చింది. మొన్న మా ఇంటికొస్తే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. మేం తాగే గ్లాసులోనే ఇచ్చాను. ఇందులో గొప్పేముంది అంటారా? ఏమీ లేదు. ఇంతకాలం పట్టినందుకే చెబుతున్నాను. సత్తు గ్లాసు ఇప్పటికీ అలమారలో ఉంది. పారేయలేదు. అది కనిపించినప్పుడల్లా ఆ అవ్వ మనవరాలు పరీక్ష రాసిందో లేదో అన్న ఆలోచన వస్తుంది.

మీ వీధిలోనూ ఇలాంటి కాగితం ఒకటి సంతకాలకు తిరుగుతూ ఉండే ఉంటుంది. సంతకం పెట్టండి, వద్దనను. పెట్టేముందు ఆ పందులు ఎవరివో ఒక్కసారి అడగండి.